ఖాకీ చొక్కాతో తాబేలు బొమ్మ: కుట్లు నిలవడం లేదు, సలహా కావాలి

ఖాకీతాత · సెప్టెంబరు 4

అందరికీ నమస్కారం. నేను ఆర్టీసీలో 31 ఏళ్ళు డ్రైవరుగా చేసి కిందటేడాది రిటైరయ్యాను. మా ఇల్లు గోపాలపట్నంలో. సర్వీసులో సగానికి పైగా విశాఖ నుంచి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డు మీదే గడిచింది. మా ఆవిడకి పెళ్ళినాటి తొక్కుడు మెషిన్ ఉంది. మోకాళ్ళ నొప్పులతో తను ఇప్పుడు తొక్కలేదు. పక్కన కూర్చుని చెబుతుంటే నేను నేర్చుకుంటున్నాను. ఆరు నెలలైంది. దిండు గలీబులు, కూరల సంచులు బాగానే కుడుతున్నాను.

ఏప్రిల్‌లో మా అమ్మాయి వాళ్ళు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు తెల్లవారుజామున మనవణ్ణి బీచ్‌కి తీసుకెళ్ళాను. అటవీ శాఖ వాళ్ళు దడి కట్టి పొదిగించిన గుడ్లలోంచి వచ్చిన తాబేలు పిల్లల్ని ఆ పూట సముద్రంలోకి వదిలారు. మా వాడు ఇసకలో బోర్లా పడుకుని, ఆ పిల్లలు నీళ్ళ దాకా పాకడం చూశాడు. లేపినా లేవలేదు. అప్పట్నుంచి ఫోను చేస్తే చాలు, "తాత, తాబే" అంటాడు. దసరాకి వస్తున్నారు. అప్పటికి వాడికి రెండేళ్ళు నిండుతాయి. ఆ తాబేలుని గుడ్డతో కుట్టి వాడి చేతిలో పెట్టాలని నా కోరిక.

కొనేస్తే పోతుంది కదా అని అమ్మాయి అంది. నిజమే. కానీ బీరువాలో నా ఖాకీ చొక్కాలు, మా ఆవిడ పాత నేత చీరలు ఉన్నాయి. వాటిని స్టీలు సామాన్ల వాడికి వేసి ఒక గిన్నె తీసుకోవడానికి ఇద్దరికీ మనసు రాలేదు. పైగా ఒడ్డుకొచ్చిన పెద్ద తాబేలుని నేను దగ్గర్నుంచి చూశాను. దాని డిప్ప రంగు, వెలిసిన ఖాకీ రంగు ఒకటే. అందుకే పైన డిప్పకి ఖాకీ, కింద పొట్టకీ రెక్కలకీ చీర గుడ్డ అనుకున్నాను.

ఒకటి కుట్టాను. పక్కింటి పాపకిచ్చి చూద్దామని ఇస్తే రెండో రోజుకే డిప్పా పొట్టా కలిసే చోట విచ్చుకుపోయింది. లోపల పాత దిండు దూది పెట్టాను. ఉతికి ఆరేస్తే అయిదు రోజులైనా లోపల తడి పోలేదు, ముక్కిన వాసన వచ్చింది. దూది అంతా ఒక మూలకి ముద్ద కట్టింది. రెక్కలు కుట్టి తిరగేస్తే కొసలు బయటికి రాలేదు, మొండిగా ఉండిపోయాయి. కళ్ళకి నల్ల బొత్తాలు పెట్టాను, అవి మటుకు బాగున్నాయి.

ఇంకొక్క విషయం. నా ఆఖరి డ్యూటీ రోజు వేసుకున్న చొక్కా ఉంది. దాని జేబు మీద బ్యాడ్జి పెట్టిన రెండు చిల్లులు ఇంకా కనిపిస్తాయి. ఆ జేబుని తాబేలు పొట్ట మీద కుట్టాలని ఉంది. అది ఎలా నిలబెట్టాలో కూడా చెప్పండి. నాకు ఇంకా నెల కూడా లేదు.

కంచరపాలెం_కుట్టుమెషిన్ · సెప్టెంబరు 4

అన్నయ్య గారూ, నేను 22 ఏళ్ళుగా జాకెట్లు, పిల్లల గౌన్లు కుడుతున్నాను. మీరు రాసింది చదివి మీ తాబేలు కళ్ళకి కట్టింది. ముందు ఒకటి చూసి చెప్పండి. విచ్చుకుపోయిన చోట కుట్టు తెగిందా, గుడ్డ పిగిలిందా? దారం తెగి గుడ్డ బాగానే ఉంటే తప్పు మెషిన్‌ది. దారం నిలిచి దాని పక్కనే గుడ్డ పోగులు విడిపోయి ఉంటే తప్పు గుడ్డది. రెండింటికీ మందు వేరు.

ఖాకీతాత · సెప్టెంబరు 4

చూశానమ్మా. దారం అలాగే ఉంది. ఖాకీ కూడా బాగుంది. చీర గుడ్డే కుట్టు పక్కన పిగిలింది. రెక్క ఉన్న చోట మాత్రం దారమే లేదు, అక్కడ కుట్టు పడనే లేదు.

కంచరపాలెం_కుట్టుమెషిన్ · సెప్టెంబరు 5

అనుకున్నాను. అయితే రెండూ జరిగాయి. తీరిగ్గా రాస్తాను, మెషిన్ దగ్గర పెట్టుకుని చదవండి.

గుడ్డ సంగతి. ఇరవై ఏళ్ళు కట్టి ఉతికిన నేత చీర మెత్తగా ఉంటుంది, బిడ్డ బుగ్గకి అంత సుఖమైన గుడ్డ ఇంకోటి లేదు. కానీ దానికి లాగుడు తట్టుకునే బలం ఉండదు. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి లాగండి. పర్రుమని చప్పుడొస్తే ఆ ముక్క ఒంటి పొరగా పనికిరాదు. తర్వాత కిటికీకి ఎదురుగా పట్టి చూడండి. వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వచ్చే చోట్లు వదిలేయండి. చీరలో కుచ్చిళ్ళ దగ్గర, నేలకి రాసుకునే అంచు దగ్గర ముందు అరుగుతుంది. లోపలి చెంగు వైపు, అంటే దోపుకునే మొదటి చుట్టులో, గుడ్డ గట్టిగా ఉంటుంది.

అక్కడ తీసిన ముక్కకి కూడా వెనక పాప్లిన్ లైనింగు వేయండి. రెండూ కలిపి చుట్టూ కచ్చా కుట్టు వేసేసి, ఇక దాన్ని ఒకే గుడ్డ అనుకుని కత్తిరించండి. మన అమ్మమ్మలు బొంతలు కుట్టింది ఇలాగే కదా. ఒక్కో చీర చినుగుడే, నాలుగు పొరలు కలిపి దగ్గర దగ్గరగా టాకాలు వేస్తే ఇంకో పదేళ్ళు కప్పుకునేవాళ్ళు. లైనింగు కొత్త గుడ్డయితే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేసి అప్పుడు వాడండి. పాత చీర కుంచించుకోవాల్సిందంతా ఎప్పుడో కుంచించుకుపోయింది. కొత్త గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుని చీరని ముడతలు పెట్టేస్తుంది.

మీ ఖాకీ టెర్రికాటనే అయ్యుంటుంది, దానికి ఢోకా లేదు. చొక్కాలో మోచేతులు, చంకలు, కాలరు మడత వదిలి వీపు ముక్క తీసుకోండి.

ఇప్పుడు కొలత. మీరు డిప్పా పొట్టా ఒకే సైజులో కత్తిరించి ఉంటారు. అందుకే దూది కూరేసరికి కుట్టు మీద ఒత్తిడి పడింది. డిప్ప పెద్దదిగా ఉండాలి, జాకెట్‌కి వేసినట్టు డార్టులు, అంటే మొన తేలిన మడత కుట్లు, వేసి గుండ్రం తెప్పించాలి. పొట్ట 9 అంగుళాల పొడవు, 7 వెడల్పు కోడిగుడ్డు ఆకారం అనుకోండి. చుట్టుకొలత దాదాపు 25 అంగుళాలు. డిప్ప 10 పొడవు, 8 వెడల్పు. చుట్టుకొలత 28 చిల్లర. మూడు అంగుళాలు తేడా ఉంది కదా, దాన్ని నాలుగు డార్టుల్లోకి పంచండి. ఒక్కోటి అంచు దగ్గర ముప్పావు అంగుళం, లోపలికి రెండు అంగుళాలు వెళ్ళి సూదిమొనలా ముగియాలి. రెండు అంచులూ అప్పుడు సరిగ్గా కలుస్తాయి, వీపు దానంతటదే ఉబ్బుతుంది. ఈ కొలతలు కుట్టు గీతకి. దాని బయట చుట్టూ అర అంగుళం వదిలి కత్తిరించండి.

కుట్టు పడకపోవడం గురించి. రెక్కలు మధ్యలో పెట్టినప్పుడు అక్కడ ఆరేడు పొరలు అవుతాయి. తొక్కుతూ పోతే సూది జారి కుట్టు వదిలేస్తుంది. అక్కడికి రాగానే కాలు తీసేసి చేత్తో చక్రం తిప్పుతూ ఒక్కో కుట్టు వేయండి. సూది 16 నంబరు పెట్టండి, కుట్టు అంగుళానికి పది పన్నెండు పడేలా చిన్నది చేయండి. మీ మెషిన్‌లో ఎప్పటిదో నూలు దారం ఉంటే పారేయండి, కొత్త పాలిస్టర్ దారం కొనండి. దారం టెన్షన్ (బిగువు) సరిగ్గా ఉందో లేదో అదే ఖాకీ ముక్క మీద కుట్టి చూసుకోండి. చుట్టూ ఒకసారి అయ్యాక, దాని పక్కనే నూలు వాసిలో బయటివైపు రెండో వరస వేయండి.

రెక్కల కొసలు రాకపోవడానికి కారణం లోపల మిగిలిన గుడ్డ. బయటికి వంపు తిరిగిన చోట్ల కత్తెరతో చిన్న వి ఆకారం ముక్కలు తీసేయాలి. లోపలికి వంపు తిరిగిన చోట గాటు పెడితే చాలు. కుట్టుకి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోవాలి. తిరగేయడానికి లంగా నాడా ఎక్కించే పిన్నీసు గుచ్చి లాగండి, కొసని పెన్సిల్ మొండి వైపుతో నెమ్మదిగా తోయండి. కత్తెర మొనతో మాత్రం తోయకండి.

మధురవాడ_జంటపిల్లలు · సెప్టెంబరు 5

బాబాయ్ గారూ, దూది సంగతి నేను చెబుతాను. మా కవల పిల్లల కోసం ఇప్పటికి పదకొండు బొమ్మలు చేశాను, ఆ వాసన బాధ నేనూ పడ్డాను.

పాత దిండు దూది మన ఊళ్ళో పనికిరాదండీ. విశాఖలో గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే, సెప్టెంబరులో మరీను. బూరుగు దూదయినా, మామూలు దూదయినా లోపలికి నీళ్ళు వెళ్తే ముద్ద కడుతుంది. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల బూజు పడుతుంది. ఏకించి వాడొచ్చు గానీ ఉతకని వాటికే. గోడకి తగిలించే బొమ్మకో, సూదులు గుచ్చుకునే దిండుకో సరే. నోట్లో పెట్టుకుని, సాంబారులో ముంచి, రోజూ ఉతికే బొమ్మకి వద్దు.

రెక్రాన్ అని అడగండి, అది పాలిస్టర్ దూది, పరుపులూ దిండ్లూ చేసే షాపుల్లో కిలోల్లెక్కన ఇస్తారు. నేను పూర్ణా మార్కెట్ వైపు తెచ్చుకుంటాను. మీ సైజు తాబేలుకి పావు కిలో కొంటే సరిపోయి ఇంకా మిగులుతుంది. కొనేటప్పుడు సంచి విప్పించి చూడండి. నాకొకసారి ఒక షాపులో పైన తెల్లటి ఫైబరు, లోపల నూలు మిల్లు చెత్తలాంటిది కలిపి కట్టేశారు. ఇంటికొచ్చాక చూసుకున్నాను, అందులో ప్లాస్టిక్ ముక్కలు కూడా ఉన్నాయి. మొత్తం పారబోశాను.

పాత బట్టలతోనే నింపాలని ఉంటే అదీ చేయొచ్చు. బనియన్లు, టీ షర్టులు బొటనవేలి గోరంత ముక్కలుగా కత్తిరించాలి. పెద్ద ముక్కలు పెడితే గడ్డలు కడతాయి. బరువూ ఎక్కువే, ఆరడం ఇంకా ఆలస్యం. నేను పొట్ట అడుగున గుప్పెడు మాత్రం పెడతాను, బొమ్మ బోర్లా పడకుండా కూర్చుంటుంది. మీ తాబేలు ఎలాగూ బోర్లాయే పడుకుంటుంది, దానికి అక్కర్లేదు.

ఇంకో పద్ధతి, నాకు బాగా నచ్చింది. దూదిని నేరుగా బొమ్మలో కూరకుండా పల్చటి పాత పంచె గుడ్డతో లోపలి సంచి కుట్టి అందులో నింపండి. దిండూ గలీబూ లాగ. పొట్ట వెనక వైపు నాలుగు అంగుళాలు చేతి కుట్టుతో మూయండి. ఉతకాల్సినప్పుడు ఆ కుట్టు విప్పి సంచి తీసేసి రెండూ విడిగా ఉతికి ఆరేయొచ్చు. జిప్పు పెట్టకండి, చిన్నపిల్లలు లాగేస్తారు. నింపేటప్పుడు దూదిని పింజలు పింజలుగా విడదీసి కొంచెం కొంచెం పెట్టండి. రెక్కల్లో కొసల వైపు నింపి, ఒంటికి అతికే చోట ఖాళీ వదలండి. అప్పుడు రెక్కలు ఊగుతాయి, మీ బాబుకి ఈదించడానికి వీలుగా ఉంటుంది.

వార్డుఅక్క · సెప్టెంబరు 6

నేను పిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. మాస్టారూ, మీరు మనవడి మీద పెట్టుకున్న ప్రేమ చదివి నాకు మా నాన్న గుర్తొచ్చారు. అందుకే రెండు విషయాలు మొహమాటం లేకుండా చెబుతున్నాను.

బొత్తాలు బాగున్నాయన్నారు. తీసేయండి. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలకి ఊడి వచ్చేది ఏదీ ఉండకూడదు. బొమ్మల్ని పరీక్షించే చోట 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం వాడతారు. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మ నుంచి ఊడిన ముక్క ఆ గొట్టంలో పూర్తిగా పట్టిందంటే అది గొంతుకి అడ్డం పడే సైజు కింద లెక్క. చొక్కా బొత్తాం అందులో ఎన్ని పడతాయో చూడండి. ఎంత గట్టిగా కుట్టినా, కొరికి కొరికి లాగితే దారం కాకపోతే గుడ్డయినా ఊడుతుంది. కళ్ళు నల్ల దారంతో కుట్టేయండి. పూసలు, చెమ్కీలు, జరీ అంచు కూడా వద్దు.

కుట్టడం మొదలుపెట్టే ముందు గుండుసూదులు లెక్కపెట్టుకోండి, అయ్యాక మళ్ళీ లెక్క సరిచూడండి. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఉంటే తాబేలు ఒంటినిండా నొక్కుతూ తిప్పండి. విరిగిన సూదిమొన ఉంటే పట్టించొచ్చు.

రెండోది చెప్పడానికి నాకు కష్టంగా ఉంది. మీ ఆఖరి రోజు చొక్కా. డ్యూటీ బట్టలకి డీజిలు పొగ, గ్రీజు, ఇంజిను ఆయిలు ఏళ్ళ తరబడి పట్టి ఉంటాయి. ఉతికితే మరక పోవచ్చు, పోగులో ఇంకింది మొత్తం పోయిందని చెప్పలేం. రెండేళ్ళ పిల్లాడు బొమ్మని చూడటం కన్నా చప్పరించడం ఎక్కువ. ఆ జేబు వాడి నోటికి అందే చోట ఉండకూడదు. లోపల దూదికి బదులుగా కూడా వద్దు. మీ దగ్గర పెద్దగా వేసుకోని ఖాకీ ఏదైనా ఉందా?

ఇది చదివేవాళ్ళలో ఇంకా చిన్న బిడ్డలున్నవాళ్ళకి ఒక మాట. ఏడాదిలోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు పక్కలో ఏ మెత్తటి బొమ్మా ఉంచకండి, ఊపిరాడకపోయే ప్రమాదం ఉంటుంది.

ఖాకీతాత · సెప్టెంబరు 7

నిన్న వార్డుఅక్క గారి మాట చదివి సాయంత్రం దాకా మెషిన్ దగ్గరికి వెళ్ళలేదు. నిజం చెప్పాలంటే బాధగా అనిపించింది. ఆ చొక్కా ఆ రోజు సాయంత్రం విప్పి మడత పెట్టాక మళ్ళీ ఉతకలేదు. అలాగే ఉంచాను. రాత్రి బీరువా తీసి వాసన చూశాను. అమ్మా, మీరు చెప్పింది సత్యం. కాలరు దగ్గర నా చెమట వాసన, కుడి చేతి మడతలో ఇంకా ఇంజిను వాసన. పొద్దున బండి ఎక్కే ముందు బానెట్ ఎత్తి చూసుకోవడం నాకు అలవాటు. మెకానిక్ చూశాడన్నా సరే, నేనూ చూస్తేగానీ స్టీరింగ్ పట్టుకునేవాణ్ణి కాదు. ఆ చేతులు ఆ చొక్కాకే తుడుచుకున్నాను. నా ప్రయాణికుల కోసం అంత జాగ్రత్త పడ్డవాణ్ణి, నా మనవడి నోటికి దాన్ని అందివ్వను. బొత్తాలు రాత్రే ఊడదీశాను.

ఆఖరి ఏడాది కుట్టించుకున్న జత ఒకటి ఉంది. రెండు మూడు సార్లు వేసుకున్నానంతే, అదీ పరేడ్ రోజున, డిపోలో సన్మానం రోజున. బండి కిందకి వెళ్ళలేదు. అది వాడతాను. వేడినీళ్ళలో రెండుసార్లు ఉతికి, తెల్ల గుడ్డ తడిపి నొక్కి చూశాను, రంగు అంటలేదు.

ఆ పాత చొక్కా జేబు ఏం చేయాలో మా ఆవిడ చెబుతానంది. ఇంకా చెప్పలేదు.

ఒక్క సందేహం. డిప్ప మీద గళ్ళు ఉంటాయి కదా, వాటిని ఎలా చూపించాలి? పెన్నుతో గీస్తే పోతుంది.

రంగుపెన్సిలు · సెప్టెంబరు 8

నమస్తే తమ్ముడూ. నేను బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. మన తీరానికి వచ్చేవి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు, ఆ ఆలివ్ అన్న మాట డిప్ప రంగును బట్టి వచ్చిందే. ఖాకీ ఎంచుకున్న నీ కన్ను మంచి కన్ను.

డిప్ప కత్తిరించాక, డార్టులు వేయకముందే, గుడ్డ పరిచి ఉన్నప్పుడే గళ్ళు కుట్టుకో. సుద్దతో గీసి, ముదురు ఆకుపచ్చ దారంతో గొలుసు కుట్టు వేస్తే చాలు. నడుమ వెన్ను వెంట అయిదు గళ్ళు వరసగా గీయి. వాటికి అటూ ఇటూ పక్క గళ్ళు. రిడ్లేకి ఈ పక్క గళ్ళు ఒక్కో వైపు ఆరు, ఏడు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటాయి. రెండు వైపులా సమానంగా ఉండాలన్న నియమం కూడా లేదు. కాబట్టి ఒకవైపు ఆరు, ఇంకోవైపు ఏడు వచ్చినా విప్పకు. ముందు రెక్కలు పొడుగ్గా కొడవలి వంపుతో, వెనకవి పొట్టిగా తెడ్డులా కత్తిరించు. చెరువు తాబేలుకి కాళ్ళుంటాయి, దీనికి రెక్కలే.

కళ్ళు పక్కలకి పెట్టు, ముందుకి కాదు. నల్ల దారంతో గుండ్రంగా నింపి, పైన తెల్ల దారంతో ఒకే ఒక్క చుక్క. ఆ చుక్క రెండు కళ్ళలోనూ ఒకే వైపు ఉండాలి, లేకపోతే మెల్లకన్ను అనిపిస్తుంది.

ఇంకో సంగతి గుర్తొచ్చింది. జర్మనీలో మార్గరెట్ స్టైఫ్ అనే ఆవిడ ఉండేది. పసితనంలోనే పోలియో వచ్చి చక్రాల కుర్చీలో గడిపింది. కుట్టుపని చేసుకునేది. 1880 ప్రాంతంలో ఫెల్టు గుడ్డతో ఏనుగు ఆకారంలో గుండుసూదుల దిండు కుట్టింది. పెద్దవాళ్ళ సూదుల కోసం కుడితే పిల్లలు దాన్ని పట్టుకుని ఆడుకోవడం మొదలుపెట్టారు. ఆమె బొమ్మల కంపెనీ అలా మొదలైంది. ఆ కంపెనీయే తర్వాత 1902లో కదిలే కాళ్ళూ చేతులతో ఎలుగుబంటి బొమ్మ తయారుచేసింది.

సాగరతీరం · సెప్టెంబరు 8

ఇవి చేసి బీచ్ రోడ్డులో అమ్మితే బాగా పోతాయి కదండీ? నాకూ చేయాలని ఉంది, ఏమైనా పర్మిషన్ కావాలా?

మధురవాడ_జంటపిల్లలు · సెప్టెంబరు 8

కావాలండీ. నేనూ అడిగి తెలుసుకున్నాను. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) మార్కు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర రిజిస్టరైన చేతివృత్తుల వాళ్ళు చేసి అమ్మే బొమ్మలకి మినహాయింపు ఇచ్చారు. మన ఏటికొప్పాక లక్కబొమ్మల్లాంటి భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ ఉంది. ఇంట్లో పిల్లలకి కుట్టుకోవడం వేరు, అమ్మడం వేరు. ముందు ఆ రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోండి.

ఖాకీతాత · అక్టోబరు 6

ఆలస్యంగా రాస్తున్నాను, ఇంటినిండా జనం.

తాబేలు నిలిచింది. డార్టులు మొదటిసారి సూదిమొనలా రాలేదు, కొస దగ్గర బుడిపె వచ్చింది. చెల్లెమ్మ పాత చొక్కా ముక్క మీద ముందు కుట్టి చూసుకోమంది గుర్తొచ్చి, నాలుగు ముక్కలు పాడుచేశాక చేయి కుదిరింది. రెండో వరస కుట్టు వేశాను. రెక్కల దగ్గర చక్రం చేత్తోనే తిప్పాను, ఒక్క కుట్టు కూడా జారలేదు. గళ్ళు ఎడమవైపు ఏడు, కుడివైపు ఆరు వచ్చాయి, మాస్టారు చెప్పినట్టే వదిలేశాను. గుండుసూదులు 24 తీశాను, 24 తిరిగి డబ్బాలో వేశాను. అయస్కాంతం కూడా తిప్పాను.

పొట్టకి మా ఆవిడ పెళ్ళయిన కొత్తలో కొనుక్కున్న గోధుమరంగు నేత చీర. లైనింగు వేశాక పిగిలే సమస్యే లేదు. మనవడు ఈ వారంలో దాన్ని రెక్క పట్టుకుని ఇల్లంతా ఈడ్చాడు, మెట్ల మీంచి విసిరాడు, పప్పన్నం తినిపించాడు. రెండుసార్లు లోపలి సంచి తీసి ఉతికాను. మధురవాడ అమ్మాయి చెప్పింది నిజం. డాబా మీద పొద్దున వేస్తే సాయంత్రానికి రెండూ ఆరిపోయాయి, ఏ వాసనా లేదు.

ఇక ఆ చొక్కా. మా ఆవిడ దాన్ని నాలుగుసార్లు ఉతికించింది. వీపు ముక్కతో గోడకి తగిలించే పెద్ద సంచి కుట్టించింది, ముందు ఆ జేబు అలాగే ఉంచి, బ్యాడ్జి చిల్లులతో సహా. బెంగళూరులో వాళ్ళ తలుపు వెనక, పిల్లాడి చేతికి అందనంత ఎత్తులో కడతారట. రాత్రి వాడు పడుకున్నాక మా అమ్మాయి తాబేలుని మెత్తటి గలీబులో చుట్టి అందులో పెడుతుంది. ఇక్కడున్నన్నాళ్ళూ మా గదిలో కిటికీ పక్కన కట్టాం. పొద్దున లేవగానే వాడు నా చేయి పట్టుకుని దాని కిందకి లాక్కెళ్ళి, "తాబే దిగాలి" అనేవాడు. బస్సు దిగాలి అన్నట్టు. నేను తీసి చేతికిచ్చేవాణ్ణి.

నిన్న రాత్రి రైలెక్కారు. ఎక్కేముందు వాడు ఇంకో ఆర్డరు వేసి వెళ్ళాడు. తాబేలుకి పిల్ల కావాలట. ఏప్రిల్‌లో బీచ్‌లో చూసిన సైజులో, అంటే నా అరచేతిలో సగం. చెల్లెమ్మా, అంత చిన్న రెక్కలు తిరగేయడం నా వేళ్ళకి సాధ్యమా?

కంచరపాలెం_కుట్టుమెషిన్ · అక్టోబరు 6

అన్నయ్య గారూ, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. పిల్ల తాబేలుకి రెక్కలు తిరగేయొద్దు. పాత ఉన్ని స్వెట్టరో, ఉన్ని శాలువో ఉంటే వేడినీళ్ళలో బాగా ఉతికి గట్టిపడనివ్వండి. అప్పుడు కత్తిరించినా పోగులు ఊడవు. ఒకే పొరగా రెక్కలు కత్తిరించి కుట్టు మధ్యలో పెట్టేయండి. డార్టులు కూడా అక్కర్లేదు, డిప్ప అంచు చుట్టూ దారం వేసి కొంచెం కుచ్చు లాగండి. రంగు మాత్రం ఖాకీ వద్దు, అప్పుడే పుట్టిన పిల్లలు నల్లగా ఉంటాయి కదా. నల్ల గొడుగు గుడ్డ తీసుకోకండి, జారిపోతుంది. నల్ల పాప్లిన్ లంగా ముక్క ఉందేమో వదిన గారిని అడగండి.